నది చేపకు యజమాని లేడు, రిజర్వాయరు చేపకు ఉన్నాడు

రామగుండానికి ఎగువన శ్రీరాంసాగర్, పక్కనే శ్రీపాద ఎల్లంపల్లి, దిగువన సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ. ఒక్క ఎల్లంపల్లికే 62 గేట్లు, సుమారు 20 టీఎంసీల నిల్వ. శ్రీరాంసాగర్‌లో జలవిద్యుత్ కేంద్రం ఉంది. ఎల్లంపల్లి నీళ్లు మాత్రం ఎన్టీపీసీ బొగ్గు కేంద్రానికి వెళ్తాయి, మురుమూరు పంపుల ద్వారా హైదరాబాద్ నల్లాల్లోకి వెళ్తాయి. ఎన్ని టీఎంసీలు, ఎన్ని మెగావాట్లు అనే లెక్క అందరూ చెబుతారు. ఆ నీళ్లలోని చేప ఎవరిది అన్నది మేము అడుగుతున్నాం.

ముందు చేప సంగతి. బొచ్చె, రవ్వ, మోసు వానాకాలం వరదలో, పారే నీటిలోనే గుడ్లు పెడతాయి. నిలవ నీటిలో బాగా పెరుగుతాయి గానీ మామూలుగా అక్కడ గుడ్లు పెట్టవు. నదికి అడ్డంగా గోడ లేస్తే చేపకు పైకీ కిందికీ దారి తెగుతుంది. దిగువ గోదావరిలో పులస సంగతి తెలిసిందే. సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చి ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. అక్కడ 1852లోనే ఆనకట్ట పూర్తయింది.

గుడ్లు పెట్టని నీటిలో పిల్లను తెచ్చి వదలాలి. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. మంచి పథకమే. కానీ అసలు మార్పు ఇక్కడే జరిగింది. వరదలో వచ్చిన చేపను ఎవరు పట్టినా అడిగేవాడు లేడు. లారీలో వచ్చిన చేపకు పద్దు ఉంటుంది, పద్దు ఉన్నచోట హక్కుదారు ఉంటాడు. ఆ హక్కుదారు మత్స్య సహకార సంఘం. సభ్యత్వం ఎక్కువగా ముదిరాజ్, గంగపుత్ర వంటి చేపలవేట కులాలది. వాళ్లూ పేదలే, దళారుల చేతిలో నలిగేవాళ్లే. మా పేచీ వాళ్లతో కాదు. వాగులో గాలం వేసి, మడుగులో చేతులతో తడిమి కూర తెచ్చుకున్న మాల, మాదిగ ఇళ్లవాళ్లు ఏ రిజిస్టరులోనూ 'వేటగాళ్లు' కారు. కులవృత్తి అనే మాట ఒకరికి నీటి మీద హక్కు ఇస్తే, ఇంకొకరికి డప్పూ చెప్పులూ తప్ప ఏమీ ఇవ్వలేదు.

ఎల్లంపల్లికి 2004లో శంకుస్థాపన జరిగింది. అప్పటి భూసేకరణ చట్టం 1894 నాటిది. పట్టా ఉన్నవాడికి పరిహారం. కూలికి పోయి, ఖాళీ రోజుల్లో చేప పట్టేవాడు పోగొట్టుకున్నది ఏ లెక్కలోనూ చేరదు. 2013 చట్టం వచ్చాకే, సేకరణకు ముందు మూడేళ్లు ప్రధానంగా నీటి వనరుల మీద బతికిన కుటుంబాలను, చేపలు పట్టేవాళ్లతో సహా, 'ప్రభావిత కుటుంబాలు'గా గుర్తించారు. అందులోనూ 'ప్రధాన జీవనాధారం' అని ఒక మెలిక ఉంది. మన వాడలో చేప ఎప్పుడూ రెండో ఆధారమే.

అమెరికాలో కొలంబియా నది మీద 1957లో డాలెస్ డ్యాం నీళ్లు సెలైలో జలపాతాన్ని ముంచేశాయి. అక్కడి ఆదివాసులు తరతరాలుగా సాల్మన్ పట్టిన చోటు అది. కానీ వాళ్ల చేతిలో 1855 ఒప్పందాలు ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని తెగలు అలాంటి ఒప్పందాలతోనే కోర్టుకు వెళ్తే, పట్టదగిన చేపలో సగం దాకా వాళ్ల వాటా అని 1974లో జడ్జి బోల్ట్ తీర్పు ఇచ్చాడు. మన చేతిలో అలాంటి కాగితం లేదు.

కాగితం తయారు చేసుకోవాల్సిందే. పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల మత్స్యశాఖ కార్యాలయాల్లో సమాచార హక్కు దరఖాస్తుతో మూడు విషయాలు అడగవచ్చు: సంఘాల సభ్యుల్లో ఎస్సీలు ఎందరు, ముంపు గ్రామాల నుంచి ఎందరు, తిరస్కరించిన దరఖాస్తులు ఎన్ని, ఏ కారణంతో.