గుర్రానికి పింఛను లేదు

‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని తెలుగువారి సామెత. ఆ మాట మొదట అన్నవాడెవరో కాని, అతడు గుర్రాన్ని చేతులారా మేపినవాడై ఉండాలి. గుర్రం పనికి రాకుండా పోయే రోజు వస్తుంది గాని, తినకుండా ఉండే రోజు రాదు.

పందెపు గుర్రాలలో చాలా భాగం ఆరేడేళ్ళ ప్రాయానికే పరుగు మానుకుంటాయి. అయితే చక్కగా సాకితే గుర్రం పాతికేళ్ళు, ఒక్కొక్కప్పుడు ముప్పై ఏళ్ళు బ్రతుకుతుంది. అరవయ్యవ ఏట ఉద్యోగం విరమించి, పందెం విరమించిన ఆరేళ్ళ గుర్రాన్ని చేరదీసిన పెద్దమనిషికి ఎనభై ఏళ్ళు వచ్చేసరికి దాని వయస్సు ఇరవై ఆరు. అంటే ఒకే ఇంట ఇద్దరు విశ్రాంతులు. పింఛను మాత్రం ఒక్కరికే. ఈ ఇద్దరూ ఎక్కడ కాపురం పెట్టాలన్నది చూడటానికి విలాసవంతమైన సమస్య. కాని జమాఖర్చులు వేసి చూస్తే, ఏ ఊళ్ళో స్థిరపడాలా అని ఆలోచించే ప్రతి విశ్రాంతోద్యోగికీ అందులో తెలుసుకోదగిన విషయం కొంత ఉంది.

మన దేశంలో పింఛను ఊరినిబట్టి మారదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం నగరాన్నిబట్టి ఇంటి అద్దె భత్యం ఉంటుంది. విరమణతో అది పోతుంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుకు లభించే కరవు భృతిని దేశమంతటికీ ఒకే ధరల సూచిక ఆధారంగా నిర్ణయిస్తారు. బొంబాయిలో ఉన్నా, కొండకోనల్లో ఉన్నా వచ్చేది అదే మొత్తం. కాబట్టి ఖర్చు తక్కువైన చోటు వెతుక్కోవాలన్న ఆలోచన సహజంగానే పుడుతుంది. పచ్చిక, నీరు, నిశ్శబ్దం, చవకైన బ్రతుకు – ఈ నాలుగూ కోరేవాడి వేలు దేశపటం మీద దండకారణ్యం వైపు జరగడంలో వింత లేదు.

ఆ వేలు ఆగదగిన చోట్లలో ఒకటి భేజ్జి. బస్తరు ప్రాంతపు దక్షిణపు కొసన, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు సుక్మా జిల్లాలో, కుంట బ్లాకుకు చెందిన గ్రామం ఇది. శబరి నదీతీరాన ఉన్న కుంట నుంచి ఇంజరం మీదుగా అక్కడికి దారి. కుంట దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు మండలం. ఈ ప్రాంతపు దోర్లా జనుల భాష కోయ భాషకు దగ్గరిది. అందులో తెలుగు మాటలు కొల్లలు. తెలుగువాడు ఇక్కడ పూర్తిగా పరదేశి కాడు. కాగితం మీద చూస్తే ఇంటిపన్ను స్వల్పం, నగరపు ఖర్చులు లేవు, అడవి ఆకుపచ్చన. మరి కాగితం చెప్పనివి ఏవి?

ముందుగా పన్నుల సంగతి. అమెరికాలో విశ్రాంతి కోరేవారు రాష్ట్రాల పన్నులను పోల్చి చూడటం వాడుక. టెక్సాస్‌లో, ఫ్లారిడాలో వ్యక్తుల ఆదాయం మీద రాష్ట్రపు పన్ను లేదు. కాని టెక్సాస్‌లో ఇళ్ళమీద, భూములమీద పన్ను బరువు. ఆరిగన్‌లో అమ్మకపు పన్ను లేదు. దానికి బదులా అన్నట్లు ఆదాయపు పన్ను దండిగా ఉంటుంది. ఒక చేత్తో వదిలినదాన్ని రెండవ చేత్తో పట్టుకోవడం ప్రభుత్వాల సహజగుణమని డల్లాస్, హ్యూస్టన్ నగరాల తెలుగువారికి అనుభవపూర్వకంగా తెలుసు.

మన దేశంలో అటువంటి పోలికకు తావు తక్కువ. ఆదాయపు పన్ను కేంద్రానిది. హైదరాబాదులోనూ భేజ్జిలోనూ ఒకటే. 2025 ఏప్రిల్ నుంచి కొత్త పన్ను విధానంలో సంవత్సరానికి 12 లక్షల రూపాయల వరకు గల మామూలు ఆదాయం మీద కట్టవలసినది ఏమీ లేదు కనుక సగటు పింఛనుదారుకు ఆ బెడద దాదాపు తీరినట్లే. ఈశాన్య భారతంలోని కొన్ని ప్రాంతాల, లడఖ్ ప్రాంతపు షెడ్యూల్డు తెగల వారికి తమ ప్రాంతంలో వచ్చే ఆదాయంపై మినహాయింపు ఉన్నది; బస్తరు గిరిజనులకు అదీ లేదు. వృత్తిపన్ను విషయంలో రాజ్యాంగమే ఏడాదికి రూ. 2,500 అని హద్దు గీసింది. అదీ పనిచేసేవారి మీదనే. సేద్యపు రాబడికి ఆదాయపు పన్ను లేదు కదా, గుర్రాలు పెంచి ఆ గొడుగు కింద నిలబడవచ్చునని కొందరు ఆశపడతారు. కుదరదు. పశువుల పెంపకం వలన వచ్చే రాబడి సేద్యపు రాబడి కాదు.

గుర్రం మీదనే ఒక పన్ను ఉన్నది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు గుర్రాల అమ్మకంపై 12 శాతం విధించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతానికి తగ్గింది. గాడిదకూ, కంచరగాడిదకూ మొదటినుంచీ పన్ను లేదు. ఇన్నేళ్ళు బరువులు మోసినందుకు గాడిదకు దక్కిన ఏకైక గౌరవం బహుశా ఇదే.

ఇక ఊరినిబట్టి నిజంగా మారేది భూమి వ్యవహారం. భేజ్జి లెక్క ఇక్కడే తలక్రిందులవుతుంది. అక్కడి భూమి చవక కాదు, అమ్మకానికే లేదు. బస్తరు రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు కిందకు వచ్చే ప్రాంతం. 1959 నాటి భూమిశిస్తు స్మృతి ప్రకారం ఇటువంటి ప్రాంతాలలో గిరిజనుని భూమి గిరిజనేతరుని చేతికి పోరాదు. ఈ కట్టును సడలించి ప్రభుత్వం స్వయంగా గిరిజనుల భూమి కొనేందుకు వీలు కల్పించబోయిన సవరణను నిరసనలు చెలరేగడంతో 2018 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం వెనక్కు తీసుకున్నది. ప్రభుత్వానికే దొరకని వీలు ఒక గుర్రపు యజమానికి దొరకదు. శబరి దిగువన తెలుగు ఏజెన్సీలో కట్టు ఇంకా గట్టిది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకు 1970లో జరిగిన సవరణ తరువాత అక్కడ ఇద్దరు గిరిజనేతరుల మధ్య అమ్మకం కూడా చెల్లదు. ఎవరిదో పేరు పెట్టి భూమి కొనిపిస్తామని చెవిలో చెప్పే మధ్యవర్తులు ఏజెన్సీ అంచు పట్టణాలలో ఎప్పుడూ ఉంటారు. అలా కొన్నవాడు జీవితాంతం పొదుపు చేసిన సొమ్మును చెల్లని కాగితంలో పెట్టినట్లే.

ఈ చట్టాలు ఎందుకు పుట్టాయో తెలిస్తే ఫిర్యాదు చేయబుద్ధి కాదు. బయటివాడికి చవకగా కనబడే చోటు అక్కడివాడికి చవక కాదు. ఆ అడవులలో వేసవి రాబడి తునికాకు. ఏభై ఆకుల కట్టలు వెయ్యి కడితే, అంటే ఏభై వేల ఆకులు కోసి పేర్చితే, 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నిర్ణయించిన ధర రూ. 5,500. అంతకు ముందు నాలుగు వేలే. అక్కడ రూపాయికి బలం ఎక్కువగా కనిపించడానికి కారణం రూపాయి అంత కష్టంమీద రావడమే. పైగా ఆ నేల పడిన బాధ చిన్నది కాదు. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత దక్షిణ బస్తరు పల్లెలనుంచి వేలమంది గోదావరి లోయ అడవులకు తరలివచ్చారు. పన్నులు పోల్చుకొని వచ్చినవారు కారు వారు; ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చారు. సొంత రాష్ట్రంలో షెడ్యూల్డు తెగవారైన వీరిలో అనేకులకు ఇవతల ఆ గుర్తింపు దక్కలేదు. 2017 మార్చి 11న భేజ్జి సమీపాన రోడ్డు పనులకు కాపలాగా వెళ్ళిన కేంద్ర రిజర్వు పోలీసు దళంపై మావోయిస్టులు దాడి చేయగా 12 మంది జవాన్లు మరణించారు. నివాసానికి చోటు ఎంచుకునే స్వేచ్ఛ కూడా ఒక ఆస్తియే. ఆ ఆస్తి అందరికీ సమానంగా లేదు.

భూమి మాట అటుంచి, ఎవరి వాకిట్లోనో అద్దెకు ఉన్నాడనుకున్నా, గుర్రం ఒప్పుకోవాలి కదా!

నాలుగు వందల కిలోల గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల ఎండుమేత తింటుంది. పాతిక నుంచి నలభై లీటర్ల నీరు త్రాగుతుంది. పది కిలోల లెక్కన ఏడాదికి 3,650 కిలోల మేత. అంటే ఒక ఊరికీ మరొక ఊరికీ కిలో గడ్డి ధరలో ఒక్క రూపాయి తేడా ఉంటే ఏడాదికి రూ. 3,650 తేడా. రాజ్యాంగం అనుమతించే అత్యధిక వృత్తిపన్నుకన్న ఇదే ఎక్కువ! పన్నుల పట్టిక ముందు వేసుకొని కూర్చున్నవాడు మొదట చూడవలసినది గడ్డి బజారు.

భేజ్జి వైపు గడ్డికి కొదువ లేదు. అయితే అది వరిగడ్డి. ఎద్దు నెమరువేసి అరిగించుకునే వరిగడ్డి గుర్రం కడుపుకు సరిపడదు. సారం తక్కువ, పీచు ఎక్కువ. పేగులలో అడ్డుపడి శూల పుట్టించగలదు. గుర్రానికి శూల వస్తే గంటల మీద ప్రాణం పోతుంది. దానికి శస్త్రచికిత్స చేయగల వైద్యులు గుర్రప్పందేలు జరిగే హైదరాబాదు, బెంగుళూరు, పూనా, మద్రాసు వంటి నగరాల చుట్టూనే ఉంటారు. మంచి ఎండుగడ్డి, లూసర్ను, ఓట్లు, నమ్మకమైన ఉలవలు దొరికేదీ ఆ నగరాల పరిసరాలలోనే.

అడవి చిత్తడి నేలల్లో వానాకాలం వచ్చిందంటే జోరీగలు. ఇవి గుర్రాన్ని కుట్టి నెత్తురులోకి ఎక్కించే సూక్ష్మజీవి వలన ‘సుర్రా’ అనే జ్వరం వస్తుంది. గుర్రం చిక్కిపోయి, కాళ్ళు వాచి, చికిత్స అందకపోతే చనిపోతుంది. ఆ జీవిని 1880లో డేరా ఇస్మాయిల్‌ఖాన్‌లో కనుగొన్నవాడు గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు. యజమానికి మాత్రం రక్షణ ఉన్నదా అంటే, బస్తరు మలేరియాకు పేరుపడ్డ ప్రాంతం. ఇంటింటా రక్తపరీక్షలు చేసే ప్రత్యేక ఉద్యమాన్ని ప్రభుత్వం 2020 జనవరిలో మొదలుపెట్టవలసి వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకపు నగరాలకు వెలుపల నివసించే పింఛనుదారుకు వైద్యభత్యం నెలకు వెయ్యి రూపాయలు. ఆ వెయ్యితో కుంట నుంచి భద్రాచలం ఆసుపత్రికి ఎన్నిసార్లు కారు కట్టించుకోగలడో అతడే లెక్క వేసుకోవాలి.

అసలు చిక్కు మరొకటి. గుర్రపు గిట్టలను ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చెక్కాలి. ఇరవై ఏళ్ళలో ఇంచుమించు నూట ఏభై సార్లు. ఆ పని తెలిసినవాడు లేని ఊళ్ళో గుర్రం కుంటిదవుతుంది. ఇది ఈనాటి సంగతి కాదు. పదమూడవ శతాబ్దం చివర దక్షిణ తీరానికి వచ్చిన మార్కోపోలో, మాబారు దేశపు రాజులు సముద్రం మీదుగా ఏటా వేల గుర్రాలు కొంటారనీ, ఏడాది తిరిగేసరికి నూరైనా మిగలవనీ వ్రాశాడు. గుర్రాలను సాకే తెలివి లేదు, వాటికి వండిన అన్నం పెడతారు, లాడాలు కొట్టేవారు లేరు. ఆ పనివారిని గుర్రపు వర్తకులు అటు పోనివ్వరు. గుర్రాలు చస్తూ ఉంటేనే కదా వ్యాపారం! విజయనగర రాజులలో సాళువ నరసింహుడైతే దారిలో చనిపోయిన గుర్రాలకు కూడా తోక తెచ్చి చూపితే వెల కట్టేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ చెప్పాడు. గుర్రపు వెలకన్న పోషణే ఖరీదని దక్షిణ దేశం ఏడు వందల ఏళ్ళుగా డబ్బు కట్టి నేర్చుకుంటున్నది. బస్తరు శిల్పులు దేవతలకు మొక్కుబడిగా చేసే మట్టిగుర్రాలు, ఇత్తడి గుర్రాలు లోకప్రసిద్ధం. వాటికి గిట్టలు చెక్కనక్కరలేదు.

మరి చోటేది? పొడి గాలి, గట్టి నేల ఉన్న దక్కను పీఠభూమి గుర్రానికి అనువైనది. టిప్పు సుల్తాను కాలంనుంచి గుర్రాలను పెంచుతున్న కుణిగల్ కర్ణాటకలో ఉన్నది. ఆ రాష్ట్రంలో సేద్యం చేయనివాడు సాగుభూమి కొనరాదన్న నిషేధం 2020లో తొలగింది. మహారాష్ట్రలో అటువంటి కట్టు ఉన్నది. చల్లని హిమాచల్‌లోనైతే ఆ రాష్ట్రపు రైతు కానివాడు ప్రభుత్వ అనుమతి లేనిదే భూమి కొనలేడు. ఉభయ తెలుగు రాష్ట్రాలలో అటువంటి అడ్డు లేదు గాని రిజిస్ట్రేషను ఖర్చులన్నీ కలిపి ఏడున్నర శాతం వరకు ఉన్నాయి. ఏభై లక్షల భూమికి మూడు లక్షల డెబ్భై ఐదు వేలు. గుండె ఝల్లుమంటుంది నిజమే. కాని ఇరవై ఏళ్ళకు పంచితే ఏడాదికి రూ. 18,750; కిలో గడ్డిమీద ఐదు రూపాయల తేడాకు కొంచెం ఎక్కువ. ఒక గుర్రమే ఉన్నవాడు భూమి జోలికి పోక, నగరపు పొలిమేరలో గుర్రాలను ఉంచుకొనే చోట నెలకింత అని కట్టి, తాను దగ్గర్లో చిన్న ఇల్లు అద్దెకు తీసుకోవడం చాలాసార్లు లాభం. అక్కడ గుర్రానికి తోడు గుర్రాలూ ఉంటాయి. ఒంటరి గుర్రం దిగులుపడుతుంది.

ఈ లెక్కలో అందరూ మరచే పద్దు ఒకటి మిగిలింది. కేంద్ర ప్రభుత్వపు పాత విధానంలో పింఛను చివరి జీతంలో సగం. భర్త మరణానంతరం భార్యకు మామూలుగా దక్కే కుటుంబ పింఛను ముప్పై శాతం. గుర్రపు మేత మాత్రం అదే పది కిలోలు. గుర్రం పేర ఆస్తి వ్రాయడానికి వీలు లేదు. చట్టం దృష్టిలో గుర్రమే ఆస్తి. చేయగలిగినదల్లా, గుర్రాన్నీ దాని మేతకు సరిపడే సొమ్మునూ ఒకే మనిషికి వీలునామాలో వ్రాసి, ఆ మనిషి సమ్మతిని బ్రతికుండగానే అడిగి తీసుకోవడం. 2012లో ఆరు లక్షలకు పైగా ఉన్న మన దేశపు గుర్రాలు, తట్టువలు 2019 పశుగణన నాటికి మూడు లక్షల నలభై వేలకు తగ్గాయి. ఉచితంగా చేరదీసే చేతులు నానాటికీ అరుదు. దిక్కులేక వీధిన వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి దొరికితే ఆ చట్టం విధించే జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, ఏభై రూపాయలకు మించకుండా. గుర్రానికి ఒక పూట ఉలవలకైనా అది చాలీచాలని మొత్తం.