అదను – పదును

గడ్డిని ఎరుగనివారు లేరు. కన్నడంలో 'హుల్లు', తమిళంలో 'పుల్లు', మరాఠీలో 'గవత్', ఒడియాలో 'ఘాస' అనేది దీనినే. మీరు ఇంట్లో ఒక పేరుతోనూ, వీధిలో మరొక పేరుతోనూ పిలుస్తూ ఉండవచ్చు. పేరు ఏదైనా దాని స్వభావం ఒక్కటే. నాలుగు వానలు పడితే మొలుస్తుంది. చూస్తూ ఉండగానే మోకాలెత్తు పెరుగుతుంది. ఇంటిముందు చిన్న వాకిలి ఉన్నవారికి దానిని కోయడం పెద్ద పని కాదు. నాలుగైదు ఎకరాల తోట ఉన్నవారికి మాత్రం అది ఏటేటా ఎదురయ్యే సమస్య.

మన రైతులు 'అదను', 'పదును' అనే మాటలను జంటగా వాడతారు. అదను అంటే తగిన సమయం. పదును అంటే నేలలో ఉండవలసిన తడి. కొడవలి వాదరకు ఉండే వాడిని కూడా పదును అనే అంటాం. గడ్డికోతకు అదనూ కావాలి, పనిముట్టుకు పదునూ కావాలి. మొదటిది గడ్డి స్వభావాన్ని బట్టి తెలుస్తుంది. రెండవది పనిముట్లను దాచుకొనే కొట్టాన్ని బట్టి ఉంటుంది.

గడ్డి ఎలా పెరుగుతుంది?

మామిడి మొక్క కొన తుంచితే ఆ కొమ్మ పొడవు పెరగడం ఆగిపోతుంది. గడ్డి అలా కాదు. గడ్డి ఆకు కొన నుండి కాక మొదలు నుండి పెరుగుతుంది. పశువు మేసినా, కొడవలితో కోసినా పోయేది పైభాగమే. పెరిగే చోటు నేలకు దగ్గరగా భద్రంగా ఉంటుంది. అందుకే కోసిన గడ్డి మళ్లీ లేస్తుంది.

దీనిని మీరే పరీక్షించి చూడవచ్చు. ఇంకా ఎదుగుతున్న ఒక లేత గడ్డి ఆకు మీద సిరాతో సమాన దూరంలో మూడు చుక్కలు పెట్టండి. నాలుగు రోజుల తరువాత కొలిచి చూడండి. చుక్కల మధ్య దూరం మారదు. చుక్కలన్నీ కలిసి పైకి జరుగుతాయి. అంటే కొత్త భాగం కింద పుడుతున్నదన్నమాట.

అయితే ఆకుపచ్చని భాగమే మొక్కకు ఆహారం తయారు చేస్తుంది. దానిని ఒక్కసారిగా మొదలంటా కోస్తే వేళ్లు బలహీనపడతాయి. కనుక ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కోయకపోవడం మంచిది. గడ్డి బాగా ఎదిగిపోయి ఉంటే ఒకసారి పైపైన కోసి, వారం రోజులు ఆగి మళ్లీ కోయాలి. తోటలో నాలుగు వేళ్ల ఎత్తు మిగిలితే చాలు.

కోయాలా, చెక్కాలా?

"ఇంత శ్రమ ఎందుకు? దోకుడు పారతో చెక్కివేస్తే, లేదా నిప్పు పెడితే సరిపోతుంది కదా!" అని కొందరు అంటారు. నేల ఒక్క రోజులో శుభ్రమైనట్లు కనిపించడం నిజమే. కాని తరువాత వచ్చే వాన ఆ నేలను ఏమి చేస్తుందో చూడాలి. వాన చినుకు బట్టనేల మీద పడినప్పుడు మట్టి చెదురుతుంది. చెదిరిన మట్టి నీటితో కలిసి వాగులోకి పోతుంది. ఎరువు వేసి పెంచుకొన్న పైమట్టే ముందుగా పోతుంది. గడ్డి ఉంటే చినుకు దెబ్బ దాని మీద పడుతుంది. వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. ముఖ్యంగా గరిక గట్టుకు కట్టిన వల వంటిది. గట్టు మీది గరికను చెక్కివేసిన రైతు మరుసటి ఏడు ఆ గట్టునే తిరిగి వేసుకోవలసి వస్తుంది.

నిప్పు పెట్టడం ఇంకా ప్రమాదం. గాలి తిరిగితే ఆ మంట పక్క తోటకో, గడ్డివామికో అంటుకొంటుంది. మంటకు భయపడేవారు ఎండలు ముదరక ముందే కంచె పొడవునా రెండు మూడు మీటర్ల వెడల్పున గడ్డిని పొట్టిగా కోసి, ఎండుగడ్డిని ఎత్తివేయాలి. బయట పుట్టిన మంట ఆ ఖాళీని దాటడం కష్టం.

అలాగని గడ్డిని పూర్తిగా వదిలివేయనూ రాదు. లేత చెట్లకు వేసిన నీటిని, ఎరువును గడ్డి పంచుకొంటుంది. ఏపుగా పెరిగిన గడ్డిలో పాములు కనిపించవు. కనుక చెక్కకూడదు, వదలకూడదు. అదను చూసి కోయాలి. ఆ అదను పూత వచ్చే ముందు రోజులు. అప్పుడు కోస్తే గింజ రాలదు. మేతకు కూడా అప్పటి గడ్డే మంచిది. గింజ పట్టిన తరువాత కాడ ముదిరి పశువుకు రుచించదు.

వయ్యారిభామ విషయంలో మాత్రం జాగ్రత్త వేరు. 1950 దశకంలో మన దేశంలో పుణే ప్రాంతంలో గుర్తించిన ఈ కలుపు ఇప్పుడు దేశమంతటా ఉంది. ఇది గడ్డి జాతి కాదు. కోస్తే మొదలు నుండి మళ్లీ చిగురిస్తుంది. తగిలితే కొందరికి ఒళ్లు దురద, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకొని వేళ్లతో సహా పీకివేయాలి.

ఐదెకరాల లెక్క

తమిళనాడులో కృష్ణగిరి ప్రాంతం మామిడి తోటలకు పేరు పొందింది. అక్కడ ఐదెకరాల తోట ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. వారి దగ్గర నెట్టుకొంటూ నడిచే గడ్డికోత యంత్రం ఉంది. దాని కత్తి వెడల్పు అర మీటరు. ఒక ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. దానిని అర మీటరుతో భాగిస్తే 8,094 మీటర్లు వస్తుంది. అంటే ఒక ఎకరం కోయడానికి ఎనిమిది కిలోమీటర్లు నడవాలి. ఐదెకరాలకు నలభై కిలోమీటర్లు! గంటకు మూడు కిలోమీటర్ల చొప్పున నడిచినా పదమూడు గంటలకు పైగా పడుతుంది. చెట్ల చుట్టూ తిరగడానికి పట్టే సమయం దీనికి అదనం.

ఈ లెక్క తెలిసినవారు తోటంతా ఒకే తీరుగా కోయరు. మూడు భాగాలు చేస్తారు. ఇంటి చుట్టూ, బావి దగ్గర, నడిచే దారుల్లో వానాకాలంలో పదిహేను రోజులకు ఒకసారి కోస్తారు. చెట్ల పాదుల చుట్టూ, వరుసల మధ్య పూతకు ముందు కోస్తారు. గట్లను, దూరపు మూలలను ఏడాదికి రెండు మూడు సార్లు కోస్తే చాలు. ఆ మూలల్లో పిచ్చుకలు, తేనెటీగలు బతుకుతాయి.

కోసిన గడ్డి వృథా కాదు. మంచి గడ్డి పశువులకు వేయవచ్చు. మిగిలినది చెట్ల పాదుల్లో పరిస్తే తడి ఆరదు. చెట్టు మొదలుకు ఆనకుండా జానెడు ఎడం ఉంచాలి.

కొడవలి నుండి యంత్రం దాకా

మన ప్రాంతాల్లో గడ్డికోతకు ఆధారం కొడవలి. వరికోతకు వాడే కొడవలికి కక్కు కొట్టిస్తారు. అంటే వాదర మీద రంపపు పళ్ల వంటి గీతలు వేయిస్తారు. యంత్రం వచ్చింది ఇంగ్లండులో. స్ట్రౌడ్ పట్టణం దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన 1830లో గడ్డికోత యంత్రానికి పేటెంటు పొందాడు. ఉన్ని బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రమే ఆయన ఆలోచనకు మూలం. బట్ట మీద నూగును కత్తిరించిన కత్తులు నేల మీద గడ్డిని ఎందుకు కత్తిరించలేవు అనుకొన్నాడు.

ఇప్పుడు భుజానికి తగిలించుకొనే పెట్రోలు యంత్రాలు కూడా పల్లెల్లోకి వచ్చాయి. ఇవి రాళ్లను బాణాల్లా విసురుతాయి. కోసేవారికి కళ్లద్దాలు, బూట్లు తప్పనిసరి. ఇతరులు కనీసం పదిహేను మీటర్ల దూరంలో ఉండాలి. పిల్లలు వీటిని ముట్టుకోకూడదు. ఎత్తు గడ్డిలోకి దిగే ముందు కర్రతో తట్టి అలికిడి చేయాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం చేయరాదు. కరిచిన అవయవాన్ని కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

కొట్టం ఎందుకు?

గడ్డి పూతకు వచ్చింది. నాలుగు రోజులు తెరిపి ఇచ్చింది. యంత్రం బయటకు తీస్తే కత్తి తుప్పు పట్టి ఉంది. పాత పెట్రోలు జిగురై ఇంజను కదలదు. మరమ్మతు చేయించేలోగా వాన మళ్లీ పట్టుకొంటుంది, గింజ రాలుతుంది. ఆ గింజ మరుసటి ఏడు మరింత గడ్డి అవుతుంది. కొట్టం లేకపోవడం వలన పోయేది యంత్రం ఒక్కటే కాదు, అదను కూడా.

కొట్టం ఎంత ఉండాలో ముందుగా నేల మీద చూసుకోవచ్చు. ముగ్గుతో గీత గీసి, లోపల యంత్రం, బండి, నిచ్చెన పెట్టి, మధ్యలో మనిషి తిరిగే దారి ఉందో లేదో చూడాలి. చిన్న తోటకు పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు సరిపోతుంది. నీరు నిలవని మెరక చోటు ఎన్నుకోవాలి. అడుగున్నర ఎత్తు అరుగు వేయాలి. యంత్రం ఎక్కడానికి అడుగు ఎత్తుకు ఆరడుగుల పొడవు చొప్పున వాలు కట్టాలి.

నేలను బట్టి పునాది మారుతుంది. తుంగభద్ర కాలువల కింద సింధనూరు, గంగావతి ప్రాంతాల్లో కోస్తా రైతులు స్థిరపడిన క్యాంపుల్లోనూ, కోవిల్‌పట్టి చుట్టుపక్కల తెలుగువారి ఊళ్లలోనూ నల్లరేగడి నేలలు ఉన్నాయి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. దానిమీద నేరుగా కట్టిన గోడ పగులుతుంది. రేగడిని లోతుగా తీసివేసి మొరం నింపి దిమ్మిస కొట్టాలి. చెక్క స్తంభాలు మట్టిలో పాతితే చెదలు పడతాయి. కనుక వాటిని రాతి దిమ్మెల మీద నిలపాలి.

వాన వచ్చే దిక్కును బట్టి తలుపు పెట్టాలి. కర్ణాటక, మహారాష్ట్రలలో జూన్ నుండి సెప్టెంబరు దాకా గాలివాన నైరుతి నుండి వస్తుంది. తలుపు తూర్పున ఉండడం మేలు. తమిళనాడులో అనేక ప్రాంతాలకు అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్య గాలులతో వాన వస్తుంది; అక్కడ తలుపు దక్షిణానో, పడమరనో ఉండాలి. ఒడిశా తీరంలో, యానాంలో తుఫాను గాలి దిక్కు మార్చుకొంటుంది. 1996 నవంబరులో గోదావరి తీరాన్నీ, 1999 అక్టోబరులో ఒడిశా తీరాన్నీ ముంచెత్తిన తుఫానులు ఎన్నో కప్పులను ఎగరగొట్టాయి. గాలి కప్పును తోయడమే కాదు, పైకి లాగుతుంది కూడా. అందుచేత దూలాలను స్తంభాలకు ఇనుప పట్టీలతో బిగించాలి. రేకులకు మేకులు ముడతల గుంటల్లో కాక మిట్టల మీద కొట్టాలి. గుంటలో కొడితే నీరు అక్కడే కారుతుంది.

లోపలి క్రమం

ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. పని ముగిశాక మట్టి కడిగి, ఆరనిచ్చి, వాదరకు పలుచగా నూనె రాసి గోడకు తగిలించాలి. గోడ మీద ఒక్కొక్క పనిముట్టు ఆకారం గీసి ఉంచితే సాయంత్రం ఏది తిరిగి రాలేదో చూడగానే తెలుస్తుంది. వాదర గోడవైపు తిరిగి ఉండాలి. ఎరువుల బస్తాలు ఇనుము దగ్గర పెట్టరాదు. వాటి ఉప్పు గుణం తుప్పును పెంచుతుంది. పురుగుమందులకు తాళం వేసిన పెట్టె వేరుగా ఉండాలి.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. అది నేలమీదే పాకుతుంది. కనుక గోడకు పైన మాత్రమే కాదు, అడుగున కూడా గాలి కంతలు ఉండాలి. ఇంజను చల్లారిన తరువాతే, ఆరుబయట పెట్రోలు పోయాలి. కోత లేని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి ఉంచాలి.

పనిముట్లున్న కొట్టంలో గడ్డి దాచరాదు. సరిగా ఎండని గడ్డిని కుప్ప వేస్తే లోపల సూక్ష్మజీవుల వలన వేడి పుడుతుంది. ఆ వేడి పెరిగి ఒక్కొక్కసారి దానంతట అదే అంటుకొంటుంది. పక్కనే పెట్రోలు ఉంటే ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

తోట ఎంత పెద్దదైనా పని ఈ రెండు చోట్లనే తేలుతుంది. గడ్డిని గమనించిన కన్ను అదనును పట్టుకొంటుంది. కొట్టంలో ఆరిన కొడవలి ఆ అదనుకు సిద్ధంగా ఉంటుంది.

ఆలోచించి చెప్పండి

1. పశువులు మేసిన గడ్డి మళ్లీ ఎందుకు పెరుగుతుంది?
2. గట్టు మీది గరికను ఎందుకు చెక్కకూడదు?
3. ఒక మీటరు వెడల్పు కోసే యంత్రంతో రెండెకరాలు కోయాలంటే ఎంత దూరం నడవాలి?
4. మీ ఊరిలో కొట్టం కడితే తలుపు ఏ దిక్కున పెడతారు? ఎందుకు?
5. మీ ఇంట్లోనూ, ఇరుగుపొరుగు భాషలోనూ కొడవలికి ఉన్న పేర్లు సేకరించండి.