ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నారా? సొలిసిటర్ గురించి అపోహలు – వాస్తవాలు

మన ఊళ్లో ఇల్లు కొనడమంటే అంతా కళ్లముందే జరుగుతుంది. బయానా ఇస్తాం. డాక్యుమెంట్ రైటర్ దస్తావేజు రాస్తాడు. సాక్షులను వెంటబెట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి సంతకాలు, వేలిముద్రలు వేసి వస్తాం. ఇంగ్లండ్‌లో కొనేవారు ఏ ఆఫీసు మెట్లూ ఎక్కరు. పనంతా సొలిసిటరో, ఇదే పనికి లైసెన్సు ఉన్న కన్వేయన్సరో ఈమెయిళ్ల మీద నడిపిస్తారు. లండన్, స్లౌ, రెడింగ్ ప్రాంతాల్లో స్థిరపడుతున్న మన కుటుంబాలు ఇక్కడే తడబడుతున్నాయి. ఫీజు కట్టాం కదా, ఇక అన్నీ ఆయనే చూసుకుంటాడనుకుంటారు. సొలిసిటర్ చూసేది కాగితాలు, వినేది మీరు చెప్పిన మాట. మీరు చెప్పకుండా వదిలేసిన దగ్గరే పెద్ద నష్టాలు జరుగుతాయి.

అపోహ: ఆఫర్ ఒప్పుకున్నారు కాబట్టి ఇల్లు మనదే

కాదు. ఆఫర్ ఒప్పుకున్న తర్వాత కూడా అమ్మేవారు ఇంకొకరు ఎక్కువ ఇస్తామంటే అటు వెళ్లిపోవచ్చు. మీరూ వెనక్కి తగ్గవచ్చు. ఇద్దరూ కట్టుబడేది కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ చేసుకున్న రోజునే. సాధారణంగా ధరలో పది శాతం డిపాజిట్ కట్టేదీ అప్పుడే. ఆ తర్వాత మీరు మాట తప్పితే ఆ పది శాతం పోతుంది. అందుకే ఎక్స్ఛేంజ్ కాకముందు అద్దె ఇంటికి నోటీసు ఇవ్వకండి. బిల్డింగ్ ఇన్సూరెన్స్ ఎప్పటి నుంచి మొదలవ్వాలో సొలిసిటర్‌ను ముందే అడగండి. చాలా కాంట్రాక్టుల్లో ఎక్స్ఛేంజ్ నుంచే ఇంటి భారం కొనేవారి మీద పడుతుంది. తాళాలు ఇంకా చేతికి రాకపోయినా సరే. స్కాట్లండ్ పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ ఆఫర్ పెట్టేదే సొలిసిటర్ ద్వారా.

అపోహ: ఎస్టేట్ ఏజెంట్ చెప్పిన సొలిసిటర్‌నే పెట్టుకోవాలి

అలాంటి నిబంధన లేదు. కొత్త ఇళ్లు కట్టే బిల్డర్ సేల్స్ ఆఫీసులో వారి జాబితా చేతిలో పెట్టినా, ఎంపిక మీదే. చాలాసార్లు ఆ సిఫార్సు వెనుక రెఫరల్ ఫీజు ఉంటుంది. ఉందా, ఎంత అని అడిగే హక్కు మీకుంది. సిఫార్సు చేసినంత మాత్రాన ఆ సంస్థ చెడ్డదని అనను. కానీ ఏజెంట్‌కు ఫీజు ఇచ్చేది అమ్మేవారు. బేరం త్వరగా తెగితేనే ఆయనకు లాభం.

వాట్సాప్ గ్రూపులో మనవాళ్లు చెప్పిన పేరైనా రెండు పనులు చేయండి. సొలిసిటర్ అయితే వారి నియంత్రణ సంస్థ ఎస్‌ఆర్‌ఏ రిజిస్టర్‌లో, లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ అయితే వారి నియంత్రణ సంస్థ సీఎల్‌సీ రిజిస్టర్‌లో పేరుందో లేదో చూడండి. మీకు అప్పిచ్చే బ్యాంకు ఆమోదించిన సంస్థల జాబితాలో, అంటే ప్యానెల్‌లో ఆ సంస్థ ఉందో లేదో కనుక్కోండి. ప్యానెల్‌లో లేకపోతే బ్యాంకు తన తరఫున వేరే లాయరును పెడుతుంది. ఖర్చూ ఆలస్యమూ రెండూ పెరుగుతాయి.

ఇళ్ల క్రయవిక్రయాలకు తీసుకునే ఫీజును సొలిసిటర్ సంస్థలు బయటపెట్టాలన్న నిబంధన 2018 డిసెంబరు నుంచి ఉంది. అయితే పై అంకె ఒక్కటే చూసి పోల్చకండి. నిర్ణీత ఏళ్లకే హక్కుండే లీజ్‌హోల్డ్‌కు అదనం, డబ్బు బదిలీకి అదనం, గిఫ్ట్ డిపాజిట్ పరిశీలనకు అదనం అని కింద వరసగా ఉంటాయి. ‘బేరం తప్పితే ఫీజు లేదు’ అన్న హామీ వారి శ్రమకే వర్తిస్తుంది. కౌన్సిల్ రికార్డుల సెర్చ్‌లకు, నీరు–డ్రైనేజీ సెర్చ్‌లకు కట్టిన డబ్బు తిరిగి రాదు. నేనైతే ధర కంటే ముందు అడిగేది ఇది: నా ఫైలు రోజూ చూసేది ఎవరు, వారు సెలవులో ఉంటే ఎవరు?

అపోహ: ఇల్లు బాగుందో లేదో సొలిసిటర్ చూస్తారు

సొలిసిటర్ ఆ ఇంటి గడప తొక్కరు. గోడ పగుళ్లు, చెమ్మ, పైకప్పు చూడాల్సింది సర్వేయర్. బ్యాంకు చేయించే వాల్యుయేషన్ బ్యాంకు కోసం. మీ సర్వే మీరు చేయించుకోవాలి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వెనక గది కొత్తగా కట్టినట్టు కనిపించినా, పక్కింటివారు మీ పెరట్లోంచి నడిచి వెళ్తున్నా, ఫొటో తీసి సొలిసిటర్‌కు పంపండి. ఆ గది కొత్తదని ఆయనకు తెలిస్తే అనుమతులు అడుగుతారు. తెలియకపోతే ఆ ప్రశ్న పుట్టదు.

అపోహ: నాన్న పంపిన డబ్బుకు లెక్కలెందుకు?

ఈ ప్రశ్నకు మనవాళ్లు నొచ్చుకుంటారు. అది మీ మీద అనుమానంతో అడిగేది కాదు. మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూడటం సొలిసిటర్ బాధ్యత. అమ్మానాన్నల గుర్తింపు పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, తిరిగి ఇవ్వనక్కర్లేదని గిఫ్ట్ లెటర్ అడుగుతారు. పొలమో ప్లాటో అమ్మిన సొమ్మయితే ఆ సేల్ డీడ్ కూడా. డీడ్ తెలుగులో ఉంటే అనువాదం కావాలి. భారత్‌లో ఉండే వ్యక్తి విదేశాలకు డబ్బు పంపే పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకే పంపగలరు. బాబాయి ఖాతా నుంచి కొంత, స్నేహితుడి ఖాతా నుంచి కొంత తెప్పిస్తే ప్రతి ఒక్కరి కాగితాలూ అడుగుతారు. ఇల్లు చూడటం మొదలుపెట్టినప్పుడే ఇవి సిద్ధం చేసుకుంటే వారాలు కలిసొస్తాయి.

ఇంకొకటి. చాలా కొనుగోళ్లలో మీ సొలిసిటరే బ్యాంకుకూ సొలిసిటర్. బహుమతి డబ్బు సంగతి బ్యాంకుకు చెప్పడం ఆయన విధి. ‘ఇది మన మధ్యే ఉంచండి’ అనడానికి వీలుండదు.

అపోహ: ఇండియాలో ఉన్న ఇంటికీ ఇక్కడి పన్నుకూ సంబంధం లేదు

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. ఇంగ్లండ్ స్టాంప్ డ్యూటీ ప్రపంచంలో ఎక్కడున్న ఇంటినైనా లెక్కలోకి తీసుకుంటుంది. 2025 ఏప్రిల్ 1న మొదలైన రేట్లతో 3,00,000 పౌండ్ల ఇంటిని చూద్దాం. మొదటిసారి కొనేవారికి పన్ను సున్నా. మామూలుగా అయితే 5,000 పౌండ్లు. అదనపు ఇల్లుగా లెక్కిస్తే 20,000 పౌండ్లు.

కూకట్‌పల్లిలో మీ పేరున ఫ్లాట్ ఉండి, దాని విలువ 40,000 పౌండ్లు దాటితే మీరు మూడో లెక్కలోకి వెళ్లే అవకాశం ఎక్కువ. ఫ్లాట్ భార్య పేరున ఉండి భర్త ఒక్కరే కొంటున్నా అంతే. కలిసి ఉంటున్న దంపతులను ఈ విషయంలో ఒకటిగా చూస్తారు. ఊళ్లో తాతగారి ఇంట్లో చిన్న వాటా సంక్రమించిందనుకోండి. దాని విలువ తక్కువైతే అదనపు పన్ను పడకపోవచ్చు. కానీ మొదటిసారి కొనేవారి రాయితీ పోతుంది. పొలం, ఖాళీ ప్లాటు ఇల్లు కావు కాబట్టి వాటితో ఈ చిక్కు లేదు. కొనడానికి ముందు పన్నెండు నెలల్లో 183 రోజులు యూకేలో లేనివారికి ఇంకో రెండు శాతం కలుస్తుంది.

పన్ను రిటర్ను మామూలుగా సొలిసిటరే పంపుతారు. కంప్లీషన్, అంటే మిగతా డబ్బు కట్టి తాళాలు అందుకునే రోజు నుంచి 14 రోజుల్లో వెళ్లాలి. కానీ అందులో ఉన్నది నిజమని బాధ్యత వహించేది మీరే. ‘మీకు వేరే ఇల్లుందా?’ అన్న ప్రశ్నకు ఫారంలో ‘లేదు’ అని రాసేముందు, ఊళ్లో ఇంటి కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి.

అపోహ: ఇద్దరి పేర్లూ రాస్తే చాలు

ఇద్దరి పేర్లు రెండు రకాలుగా రాయవచ్చు. జాయింట్ టెనెంట్స్ అయితే ఒకరు పోతే ఇల్లు మొత్తం రెండో వారికి చేరుతుంది, విల్లులో ఏం రాసినా. టెనెంట్స్ ఇన్ కామన్ అయితే ఎవరి వాటా వారిది. డిపాజిట్ ఒకరి తల్లిదండ్రులే ఇస్తే, ఎవరి వాటా ఎంతో రాసుకునే డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్ గురించి సిగ్గుపడకుండా అడగండి.

అపోహ: సొలిసిటర్ నుంచి ఈమెయిల్ వస్తే నమ్మవచ్చు

‘మా బ్యాంకు ఖాతా మారింది, డిపాజిట్ దీనికి పంపండి’ అని వచ్చే మెయిల్ మోసగాళ్లది అనుకోండి. ఎక్స్ఛేంజ్, కంప్లీషన్ రోజులు కనిపెట్టి ఈ మోసాలు చేస్తారు. మొదటి రోజు తీసుకున్న నంబరుకు మీరే ఫోన్ చేసి ఖాతా వివరాలు చదివించుకున్నాకే డబ్బు పంపండి.

అపోహ: తాళాలు వచ్చాయి, ఇక పనైపోయింది

కంప్లీషన్ తర్వాత సొలిసిటర్ మీ పేరును ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు చేయించాలి. అందుకు నెలలు పట్టవచ్చు. చివరికి చేతికి ఒరిజినల్ డాక్యుమెంట్ రాదేమిటని ఇంట్లో పెద్దవాళ్లు కంగారుపడతారు. 2003 నుంచి ఇక్కడ అలాంటి సర్టిఫికెట్ ఇవ్వడం మానేశారు. రిజిస్టర్‌లో ఉన్నదే హక్కు. కాపీ రాగానే ఇంటిపేరు, అసలు పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉన్నాయో చూసుకోండి. ఇల్లు అద్దెకిచ్చి ఇండియా వెళ్లిపోయే ఆలోచన ఉంటే, రిజిస్టర్‌లో సంప్రదింపు చిరునామాలు మూడు వరకు పెట్టవచ్చు. అక్కడి ఇంటి చిరునామా, ఈమెయిల్ కూడా చేర్పించండి. యజమాని ఊళ్లో లేని ఇళ్లను దొంగ పత్రాలతో అమ్మేసే ముఠాలున్నాయి. ల్యాండ్ రిజిస్ట్రీ ఉచితంగా ఇచ్చే ప్రాపర్టీ అలర్ట్‌లో చేరితే, మీ ఇంటి మీద ఎవరైనా దరఖాస్తు పెట్టగానే విజయవాడలో ఉన్నా మీకు కబురందుతుంది.