గుడ్డను కదిపేదెవరు?

పాతిక కిలోల బియ్యం బస్తా మూతి విప్పడం కూడా ఒక విద్యే. సరైన కొస దొరికితే ఒక్క లాగుకి కుట్టంతా గర్రున ఊడొస్తుంది. రెండో కొస పట్టుకున్నారో, లాగినకొద్దీ బిగుసుకుంటుంది, చివరికి కత్తెర తేవాల్సిందే. రైసుమిల్లులో బస్తా మూతులు కుట్టే చేతిమిషను వేసేది గొలుసు కుట్టు. అందులో ప్రతి మెలికనూ దాని తర్వాతి మెలిక పట్టి ఉంచుతుంది. ఆఖరిది వదిలిందంటే వెనకవన్నీ వరసగా వదిలేస్తాయి. బస్తాకి అది సుగుణం. పెళ్ళిలో తిరుగుతున్న మనిషి ఒంటిమీది జాకెట్టుకి మాత్రం కాదు.

పదిమందికీ పనికొచ్చిన మొదటి కుట్టుమిషన్లు వేసింది ఈ గొలుసు కుట్టే. ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియె అనే దర్జీ 1830లో పేటెంటు తీసుకుని, పారిస్‌లో సుమారు 80 మిషన్లు పెట్టి సైన్యానికి దుస్తులు కుట్టించాడు. మరుసటేడే అక్కడి దర్జీలు గుంపుగా వచ్చి వాటిని విరగ్గొట్టి పోయారు. తమ కూడు పోతుందని వాళ్ళ భయం. ఆ భయాన్ని తప్పుపట్టలేం. తిమోనియె చివరికి పేదరికంలోనే పోయాడు.

ఊడిపోని కుట్టు కోసం రెండు దారాలు కావాలి, ఒకటి పైన, ఒకటి కింద. ఆ ఆలోచన 1830ల్లో న్యూయార్కులో వాల్టర్ హంట్‌కి వచ్చింది. సూది బెజ్జాన్ని మొనకి తెచ్చి, కిందిదారానికి షటిల్ పెట్టి మిషను తయారుచేశాడు. కానీ పేటెంటు తీసుకోలేదు. బట్టలు కుట్టుకుని బతికే ఆడవాళ్ళ పని పోతుందని కూతురు వద్దందంటారు. ఈ హంటే తర్వాత, 1849లో, పిన్నీసు కనిపెట్టాడు. 15 డాలర్ల అప్పు తీర్చడం కోసం ఆ హక్కుల్ని 400 డాలర్లకి అమ్ముకున్నాడట. ప్రపంచమంతా వాడే రెండు వస్తువులు ఆయన బుర్రలోంచి వచ్చాయి. ఒక్కటీ ఆయన్ని ధనవంతుణ్ణి చెయ్యలేదు.

ఆ రెండు దారాల కుట్టు ఎలా పడుతుందో చూడాలంటే పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. మిషను కింది రేకు తీసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే చాలు. సూది పూర్తిగా కిందికి దిగి, తిరిగి రెండు మిల్లీమీటర్లు లేస్తుంది. గుడ్డ పట్టి ఉంచడం వల్ల దారం సూదితో పాటు లేవలేక, సూది వెనక చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా అప్పుడే షటిల్ ముక్కు వచ్చి ఆ ఉచ్చులో దూరి, దాన్ని కిందిదారం చుట్టిన బాబిన్ చుట్టూ తిప్పేస్తుంది. పైన లివరు ఎగిరి దారాన్ని వెనక్కి లాగుతుంది. రెండు దారాలూ గుడ్డ మందం మధ్యలో ముడిపడతాయి. ఉచ్చు ఏర్పడే వేళకి షటిల్ ముక్కు రాకపోతే కుట్టు తప్పుతుంది. మెకానిక్కు 'టైమింగ్ పోయింది' అనేది దీన్నే. ఇంకో సంగతి: బాబిన్ చుట్టూ తిరగడానికి చాలా దారం కావాలి, కుట్టులో ఉండిపోయేది కాసింతే. అందుకని పైదారంలో ప్రతి ముక్కా గుడ్డలో కుదురుకునేలోపు సూది బెజ్జంలోంచి పదులసార్లు కిందికీ పైకీ తిరుగుతుంది. నాసిరకం దారం పీచులు లేచి తెగిపోవడానికి కారణం అదే.

ఇంతవరకూ సూది కథ. మిషను అసలు చిక్కు గుడ్డ దగ్గర వచ్చింది. సూది ఒకేచోట పైకీ కిందికీ ఆడుతుంటే, కింద గుడ్డను ముందుకి జరిపేదెవరు?

1846లో అమెరికాలో పేటెంటు పొందిన ఇలియాస్ హౌ మిషనులో గుడ్డ నిలువుగా ఒక పలక మేకులకి వేలాడేది. పలక జరిగినంత మేరే కుట్టు. చివరికి రాగానే మిషను ఆపి, గుడ్డ తీసి, మళ్ళీ మొదటి నుంచి గుచ్చుకోవాలి. అయినా బోస్టన్‌లో పెట్టిన పోటీలో ఐదుగురు కుట్టుపనివాళ్ళని ఓడించింది. 1851లో ఐజాక్ సింగర్ గుడ్డను బల్లమీద పడుకోబెట్టి, సూదిని నిలువుగా దింపి, ఎగిరిపోకుండా పాదం పెట్టి నొక్కాడు. గుడ్డను తోసే పని ఒక గరుకు చక్రానికి ఇచ్చాడు. ఈ కథలో నాకు అందరికంటే పెద్దవాడనిపించేది మాత్రం అలెన్ విల్సన్. ఆయన 1854 పేటెంటులోని పళ్ళే ఈరోజు మన మిషన్లన్నిటిలోనూ ఉన్నవి. పాదం కింద రేకు కంతల్లోంచి పళ్ళు లేస్తాయి, గుడ్డను పట్టి ఒక కుట్టంత వెనక్కి జరుపుతాయి, కిందికి దిగుతాయి, దొంగలా మొదటి చోటికి వచ్చేస్తాయి. లేవడం, జరగడం, దిగడం, తిరిగి రావడం. సూది గుడ్డలో ఉన్నంతసేపూ పళ్ళు కిందే ఉంటాయి. పేరు సింగర్‌కి పోయింది గానీ, కుట్టు సమంగా పడుతున్నదంటే ఆ పుణ్యం విల్సన్‌ది.

విల్సన్ పళ్ళతో కుట్టేవాళ్ళ చేతికి పని తగ్గింది. గుడ్డ ఎంత జరగాలో మిషనే చెబుతుంది, చెయ్యి దారి చూపిస్తే చాలు. జాకెట్టుకీ చొక్కాకీ గలేబుకీ ఇంతకంటే ఏం కావాలి? సింగర్ కంపెనీ వాయిదాల మీద అమ్మి ఆ మిషనుని మన దేశందాకా తెచ్చింది. యంత్రాలంటే పడని గాంధీగారు కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ మిషనుకి మినహాయింపు ఇచ్చారు. భార్య కష్టం చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన మెచ్చుకున్నారు. సింగర్ జీవితం తెలిసినవాళ్ళకి ఇక్కడ నవ్వాగదు. ఆయన ఒకేసారి రెండు మూడు సంసారాలు నడిపి, ఇరవైమందికి పైగా పిల్లల్ని కన్నాడు. మిషను మీద వచ్చే డబ్బే తనకు ముఖ్యమని పైకే చెప్పినవాడు. భార్య కుట్టుపని చూసి కదిలిన మొగుడి కథ హౌ గురించి చెబుతారు. గాంధీగారి మెప్పు ఒక ఇల్లు తప్పి పక్కింటికి చేరింది.

1930ల్లో కలకత్తాలో జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ ఉషా మిషన్లు మొదలుపెట్టింది. తర్వాత మన ఊళ్ళలో కాలి మిషను అంటే ఉషా అన్నంతగా స్థిరపడిపోయింది.

బొంత దగ్గరికి వచ్చేసరికి విల్సన్ పళ్ళకి మొదటిసారి దెబ్బ తగులుతుంది. మన బొంత పాత చీరల్నీ పంచెల్నీ నాలుగైదు వరసలు పరిచి దగ్గరదగ్గరగా కుట్టేది. పళ్ళు పట్టుకునేది అట్టడుగు వరసని. పైవరసని పాదం నొక్కి ఆపుతుంటుంది. అడుగుది ముందు పోతుంది, పైది వెనకబడుతుంది. రెండు జానలు కుట్టేసరికి పైచీర ఉబ్బి ముడతపడుతుంది. దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, పైన కూడా పళ్ళున్న నడిచే పాదం బిగించడం. తిన్నని గీతలకి అది బాగుంటుంది. రెండోది, పళ్ళని పూర్తిగా కిందికి దించేసి, గుడ్డను రెండు చేతులతో మనమే తిప్పడం. అప్పుడు లతలూ సుడులూ తామరలూ దబ్బనంతో కుట్టినంత స్వేచ్ఛగా వేసుకోవచ్చు. 1854లో చేతినుంచి పోయిన పని మళ్ళీ చేతికే వస్తుంది.

వచ్చేది బరువుతోనే వస్తుంది. మిషను నిమిషానికి 600 కుట్లు వేస్తుందనుకోండి, అంటే సెకనుకి పది. చెయ్యి సెకనుకి అంగుళం కదిపితే అంగుళానికి పది కుట్లు, చక్కని కొలత. రెండంగుళాలు కదిపితే ఐదే కుట్లు, కాలివేలు తగిలితే తెగుతాయి. సూది గుడ్డలో ఉండగా లాగితే వంగి రేకుకి కొట్టుకుని పుటుక్కుమంటుంది. కాలూ చెయ్యీ ఒక లయకి రావడానికి కొన్నాళ్ళు పడుతుంది. కొత్త బొంతల మిషన్లలో కొన్నిటికి గుడ్డ వేగాన్ని కనిపెట్టి సూది వేగాన్ని దానికి తగ్గట్టు మార్చే పరికరం ఉంటుంది. ఇంకా పెద్దవాటిలో బొంతని చట్రానికి కట్టేసి, మిషనునే పట్టాల మీద తోస్తారు. అప్పుడు గుడ్డ కదిలే ప్రశ్నే లేదు, కానీ చట్రానికే పది పన్నెండడుగుల గది కావాలి.

విజయనగరం కంటోన్మెంట్‌లో మా పిన్ని గదికి అంత వైశాల్యం లేదు. అమెరికాలో ఉన్న కూతురు తెచ్చిపెట్టిన బల్లమీది బొంతల మిషను కోసం ఆవిడ వెనక గది ఖాళీ చేయించింది. మామూలు మిషనులో సూదికీ కుడివైపు స్తంభానికీ మధ్య ఆరేడు అంగుళాల ఖాళీ ఉంటుంది. దీనిలో పదకొండు. తొంభై అంగుళాల వెడల్పు బొంతకి నడుమ గీత కుట్టాలంటే, నలభై అయిదు అంగుళాల గుడ్డ చుట్టగా ఆ ఖాళీలో దూరాలి. అందుకే బొంత ఎప్పుడూ మధ్యలో మొదలుపెట్టి అంచులకి పోవాలి. ఇరుకు పోయేకొద్దీ తగ్గుతుంది.

బల్ల దగ్గర వడ్రంగికీ పిన్నికీ చిన్న యుద్ధమే జరిగింది.

"మంచి టేకు బల్లమ్మా, నడిమద్దిని కన్నం ఎట్టీమంటారేటి?"

"కన్నం కాదు నాయినా, మిషను అందులో దిగిపోవాల. బల్లా మిషనూ ఒకటే మట్టం. చెయ్యి జారిస్తే మెట్టు తగిలితే నానొప్పుకోను."

ఆవిడ పట్టుదలకి కారణం ఉంది. మిషను బల్లకంటే నాలుగంగుళాలు ఎత్తులో ఉంటే బొంత అంచు దిగజారి, తన బరువుతో తనే సూదిని లాగుతుంది. అదే కారణానికి బల్ల వెనకభాగమూ ఎడమభాగమూ గోడలకి ఆనించారు, గుడ్డ అటు పడిపోకుండా. పైన నున్నటి సన్‌మైకా వేయించారు. కిటికీ ఎడమపక్కకి వచ్చింది, చేతినీడ కుట్టుమీద పడదు. కుర్చీ ఎత్తు మాత్రం వడ్రంగి చెప్పినట్టు కాకుండా, కూర్చుంటే మోచెయ్యి బల్లకి సమంగా వచ్చేలా పెట్టించుకుంది.

మిషను వెనక చీటీ మీద 120 వోల్టులని ఉంది. మన గోడలో వచ్చేది 230. ప్లగ్గు ముక్క మార్చుకుంటే చాలనుకుని గుచ్చితే మోటారూ బోర్డూ కలిసి పోతాయి. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, అదీ మిషను వాట్లకంటే ఎక్కువ మోయగలది. కరెంటు ఎక్కువతక్కువలకి స్టెబిలైజరు వేరే. సముద్రం దగ్గరి తేమకి సూదులూ బాబిన్ కేసూ తుప్పుపట్టకుండా వాటిని మూతున్న డబ్బాలో, తేమ పీల్చే పొట్లంతో పాటు ఉంచుతోంది. పాత నూలు చీరలు కుడుతుంటే షటిల్ కింద పీచు గుప్పెడంత చేరుతుంది. బ్రష్షుతో తీస్తేనే నూనె వెయ్యాలి, లేకపోతే పీచూ నూనే కలిసి మైనంలా గట్టిపడతాయి.

గుడ్డ సంగతి ఆవిడకే బాగా తెలుసు. గంజి పూర్తిగా పోయేలా ఉతకాలి. జరీ అంచు కోసి తియ్యాలి, సూది మొన మొద్దుబారేది అక్కడే. పాలిస్టరు చీర నడుమ వరసలో పెడితే జారుతుంది, పెట్టకూడదు. నూలు వరసలకి 14 నంబరు సూది, మందమైతే 16. పరిచిన వరసలు జరక్కుండా జానెడుకొకటి పిన్నీసు గుచ్చి, సూది దగ్గరికి రాగానే ఒక్కొక్కటీ తీసెయ్యాలి. మరిచిపోతే వాల్టర్ హంట్ బుర్రలో పుట్టిన సూదీ, ఆయన బుర్రలోనే పుట్టిన పిన్నీసూ ఢీకొంటాయి. విరిగేది ఎప్పుడూ సూదే.

మే నెలలో మాత్రం ఈ పని ముట్టుకోనని ముందే చెప్పేసింది. నాలుగు వరసల చీరలు ఒడిలో పెట్టుకుని విజయనగరం ఎండలో కూర్చోవడం ఎవరి తరం? ముక్కలు కోసి కలిపే పని వేసవిలో, కుట్టు వానలు పడ్డాక.

ఆ ముక్కలు కలపడం కొత్త మిషను మీద కాదు. ఎదురుమూల ఉన్న ఉషా కాలి మిషనుని కొడుకు పాతసామానుకి ఇచ్చేస్తానంటే ఒప్పుకోలేదు. తిన్నటి కుట్టుకి విల్సన్ పళ్ళని మించింది లేదు, ముక్కలు కలపడమంటే తిన్నటి కుట్టే. పైగా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. నాలుగేళ్ళకి అదే అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని చీకట్లో ముంచింది. అలాంటప్పుడు ట్రాన్స్‌ఫార్మరున్న మిషను బల్లలో కూరుకున్న ఇనుప ముద్ద. కాలి మిషనుకి తోలు బెల్టు గట్టిగా ఉంటే చాలు. బెల్టు సాగితే కొంచెం కోసి, తీగ కొక్కెం మళ్ళీ బిగించుకోవాలి. ఆ కొక్కేలు పిన్ని ఓ అగ్గిపెట్టెలో దాచింది.