ఆరు ముక్కల మాట

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే యాత్రికులకు మన్ననూరు అనగానే అటవీశాఖ చెక్‌పోస్టు గుర్తొస్తుంది. అది దాటితే నల్లమల అడవి. అందులో చెంచుల పెంటలు. పులుల కోసం అడవిలోని ఊళ్లను బయటికి తరలించాలన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక పొడవాటి ఇంగ్లీషు మాట వినిపిస్తుంది: రీహబిలిటేషన్.

విడదీస్తే భయం లేదు. రీ-హ-బి-లి-టే-షన్. ఆరే ముక్కలు. మనం ఆరింటినీ సమంగా పలుకుతాం. ఇంగ్లీషువారు 'రీ', 'బి' లను కొంచెం ఒత్తి, 'హ' ను తేల్చేసి, బరువంతా 'టే' మీద వేస్తారు.

ఇక అర్థం. మాట మూలం లాటిను. 'రీ' అంటే మళ్లీ, 'హాబిలిస్' అంటే సమర్థుడు. మళ్లీ సమర్థుణ్ణి చేయడమన్నమాట. మన పునరావాసంలో ఉన్నవి పునః, ఆవాసం. అంటే మళ్లీ నివాసం. ఇల్లు చూపించడం వేరు, మనిషిని తన కాళ్లమీద నిలబెట్టడం వేరు కదా!

చట్టానికీ ఈ తేడా తెలుసు. 2013 నాటి భూసేకరణ చట్టం పేరులోనే రీహబిలిటేషన్, రీసెటిల్‌మెంట్ అని రెండు మాటలున్నాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, వన్యప్రాణుల కోసం ఊరిని కదిలించాలంటే స్థిరమైన జీవనాధారం చూపాలి. గ్రామసభ తెలిసి, స్వేచ్ఛగా, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొత్తచోట భూమి, వసతులు ముందే సిద్ధం కావాలి.

ఉచ్చారణ తప్పితే నవ్వి ఊరుకుంటారు. అర్థం తెలియకుండా వేలిముద్ర వేస్తే మాత్రం నష్టపోయేది బతుకు. కాబట్టి ఈ మాటను పెంటలో చదివి వినిపించేవారు ముక్కలతోపాటు అర్థాన్నీ విడదీసి చెప్పాలి.