యంత్రము మారిన పాట యేమగును?

తిరుమలలో లభించిన అన్నమాచార్యుని రాగిరేకులపై పదములు గలవు, రాగముల పేర్లును గలవు. స్వరములు మాత్రము లేవు. నాడు వాటిని పాడిన వరుస పాడినవారితోనే పోయినది. అట్టి దురవస్థయే నేటి సంగీతమునకును పొంచియున్నదన్న అతిశయోక్తి కాదు.

నేడు పాట కంప్యూటరులో రూపొందుచున్నది. గాత్రమొక వరుస, వీణ యొక వరుస, మృదంగమొక వరుస. వీటికి మెరుగు దిద్దునవి ప్లగిన్లు అను చిన్న ప్రోగ్రాములు. ఆ ప్లగిన్ కొత్త యంత్రమున నడువనిచో తెరపై దాని పేరు మాత్రము మిగులును, నాదము మిగులదు.

2020 జూన్‌లో ఆపిల్ సంస్థ తన మాక్ కంప్యూటర్లలో ఇంటెల్ ప్రాసెసర్లను విడనాడి స్వంత ప్రాసెసర్లను వాడుదునని ప్రకటించెను. నవంబరులో ఎం1 యంత్రములు వెలువడెను. ప్రాసెసరు మారుట యనగా యంత్రమునకు భాష మారుట. పాత ప్రోగ్రాములను కొత్త భాషలోనికి మార్చి నడపుటకు రొసెట్టా 2 అను దుబాసీని గూడ సమకూర్చిరి.

అయినను చిక్కు తీరలేదు. ఒకే ప్రోగ్రాములో రెండు భాషలు పొసగవు. కొత్త భాష నేర్చిన సాఫ్ట్‌వేరు పాత ప్లగిన్‌ను తనలోనికి నేరుగా చేర్చుకొనజాలదు. లాజిక్ ప్రో వంటివి దానిని విడిగా నుంచి పని చేయించుకొన్నవి. తక్కిన చోట్ల సాఫ్ట్‌వేరునంతయు దుబాసీకే యప్పగింపవలసి వచ్చినది. శబ్దమునకా ఆలస్యము గిట్టదు. సెకనుకు 48,000 నమూనాల లెక్కన, 128 నమూనాల విడతను యంత్రము 2.7 మిల్లీసెకన్లలోపల ముగింపవలయును. గడువు తప్పెనా, పాట నడుమ 'టక్కు'మను చప్పుడు వినబడును.

కొత్త యంత్రమును నిందింప బనిలేదు. ఎం1 గల మాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు. మైకు ముందుంచినను దాని రొద పాటలో బడదు. వేగమును మెండు. కాని దుబాసీ కొలువు శాశ్వతము కాదు. 2006లో మాక్‌లు ఇంటెల్‌కు మారినప్పుడు తోడుగా నిలిచిన తొలి రొసెట్టాకు 2011లో వచ్చిన లయన్‌తో సెలవిచ్చిరి. 2019లో వచ్చిన కాటలీనా 32 బిట్ల ప్రోగ్రాములనన్నిటిని త్రోసివైచెను. రొసెట్టా 2కును మాక్ ఓఎస్ 27 వరకే పూర్తి కొలువనియు, పిమ్మట కొన్ని పాత ఆటలకు మాత్రమే యనియు 2025లో ప్రకటించిరి.

కావున పాట కట్టువారు చేయదగిన పని యొకటి గలదు. పాత యంత్రము నడచుచున్నప్పుడే ప్రతి వరుసను, ప్లగిన్ల మెరుగుతో నొకసారి, మెరుగు లేక నొకసారి, మొదటినుండి తుదివరకు సాదా వేవ్ ఫైళ్లుగా దించి యుంచవలెను. లయవేగమును వ్రాసి జతపరుపవలెను. తాళపత్రము శిథిలమగుటకు ముందే మరియొక పత్రమున కెత్తి వ్రాసిన లేఖకుల వలననే మన కావ్యములు నిలిచినవి. ఆ లేఖకుని యోపిక నేడు స్టూడియోలో గూర్చున్నవానికిని కావలయును.