ఇల్‌ఫర్డ్ మైదానంలో మన మైసూరు రామన్



ఈనాటి ప్రసంగాన్ని ఒక చిన్న ప్రశ్నతో మొదలు పెడతాను. ఒలింపిక్ క్రీడల్లో, ఫుట్‌బాల్ ఆటలో, భారతదేశం తరఫున మొట్టమొదటి గోలు కొట్టిన ఆటగాడు ఎవరు? రేడియో పక్కన కూర్చున్న మీ పిల్లల్ని అడగండి. ఇంట్లో పెద్దవాళ్లను కూడా అడగండి. క్రికెట్ ఆటగాళ్ల పేర్లు పది గడగడా చెప్పగలవాళ్లు సైతం ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతారు.

అతని పేరు సారంగపాణి రామన్. ఎక్కడో దూరదేశపు మనిషి కాదు. మన కోలారు ఒక జిల్లాగా ఉండిన పాత మైసూరు సంస్థానం నుంచి వెళ్లిన ఆటగాడే.

సంగతి 1948 నాటిది. స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. లండన్‌లో ఒలింపిక్ క్రీడలు జరుగుతున్నాయి. ఫుట్‌బాల్‌లో మన దేశం ఒలింపిక్స్‌కు వెళ్లడం అదే మొదలు. జట్టు నాయకుడు తాలిమెరెన్ ఆవో, నాగా కొండల నుంచి కలకత్తా వచ్చి వైద్యం చదువుకున్న యువకుడు. కలకత్తా తరువాత ఆ జట్టుకు ఎక్కువమందిని ఇచ్చిన చోట్లలో మైసూరు సంస్థానం ఒకటి. గోలు కాపలాకు వరదరాజ్, ముందు వరుసలో అహ్మద్ ఖాన్, ధన్‌రాజ్, రామన్, వీళ్లంతా ఇటువైపు వాళ్లే. దీనికి కారణం లేకపోలేదు. అంతకు కొద్దికాలం ముందే, 1946-47లో, బెంగళూరులో జరిగిన సంతోష్ ట్రోఫీ పోటీల్లో బెంగాల్ జట్టును ఓడించి మైసూరు విజేతగా నిలిచింది.

లండన్‌లో మొదటి ప్రత్యర్థి బర్మా. ఆ జట్టు పోటీకి రాలేదు. దాంతో జూలై 31న, లండన్ పక్కనున్న ఇల్‌ఫర్డ్ పట్టణంలోని క్రికల్‌ఫీల్డ్ మైదానంలో, మనవాళ్లు ఫ్రాన్సును ఎదుర్కొన్నారు. చూడవచ్చిన వాళ్లు సుమారు 17 వేల మంది. మన పదకొండు మందిలో ఎనిమిది మంది కాళ్లకు బూట్లు లేవు!

బూట్లు కొనుక్కోలేక అలా ఆడారని కొందరు అనుకుంటారు. అది పూర్తి నిజం కాదు. చిన్ననాటి నుంచి వట్టి కాళ్లతో ఆడిన వాళ్లకు బంతి స్పర్శ వేళ్లకు తెలుస్తుంది. ఎంత బలంగా నెట్టాలో, ఎక్కడ ఆపాలో కాలికే తెలిసిపోతుంది. బూటు తొడిగితే కాలు బరువెక్కినట్టు ఉంటుంది. మన మారికుప్పంలోనో, ఆండర్సన్‌పేటలోనో, సైనైడ్ దిబ్బల పక్క ఎండిన నేలమీద ఆడుకున్న వాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర లేదు. అయితే ఇబ్బంది ఎక్కడంటే, నేల తడిస్తే వట్టి కాలు జారుతుంది. ఆనాటి తోలు బంతి నీళ్లు పీల్చుకుని బరువెక్కేది. బూటు కాలు వచ్చి తగిలితే వేళ్ల గతి ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇక ఆట సంగతి. 30వ నిమిషంలో ఫ్రాన్సు ఒక గోలు చేసింది. మనవాళ్లు కుంగిపోలేదు. 70వ నిమిషంలో రామన్ బంతిని గోలులోకి కొట్టి లెక్క సమం చేశాడు. స్వతంత్ర భారతదేశానికి అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అదే తొలి గోలు. ఆ రోజు మనకు రెండు పెనాల్టీలు దొరికాయి. పన్నెండు గజాల దూరం నుంచి, ఎదురుగా గోలుకీపరు ఒక్కడే. శైలేన్ మన్నా, మహావీర్ ప్రసాద్ చెరొకటి కొట్టారు. రెండూ గోలు కాలేదు. ఆట ముగియడానికి ఒక్క నిమిషం ఉందనగా, 89వ నిమిషంలో ఫ్రాన్సు రెండో గోలు చేసింది. 2-1తో మనవాళ్లు ఇంటిదారి పట్టారు.

ఇక్కడే మనం ఒక్క క్షణం ఆలోచించాలి. ఆ మ్యాచ్ గురించి ఎవరు రాసినా రెండు విషయాలు తప్పక రాస్తారు. ఒకటి వట్టి కాళ్లు, రెండోది పోయిన పెనాల్టీలు. నిజంగా బంతిని గోలులోకి పంపిన మనిషి పేరు ఏదో మూలన ఉంటుంది. ఆ రెండింటిలో ఒక్కటి పడి ఉంటే రామన్ గోలుకు దక్కే విలువే వేరు. ఓడిన ఆటలో చేసిన మంచి పని లెక్కలోకి రాదు. మన లోకం తీరు అలాంటిది.

మరో ముచ్చట. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన జట్టును 10-1తో చిత్తుగా ఓడించింది. ఆ చలిలోనూ మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ దెబ్బతోనే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఆ నాడు మనకు దక్కిన ఒకే ఒక్క గోలు బెంగళూరు అహ్మద్ ఖాన్‌ది. అంటే ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశపు మొదటి రెండు గోల్సూ పాత మైసూరు వాళ్లవే అన్నమాట! ఈ అహ్మద్ ఖాన్, ధన్‌రాజ్ కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టులో వెంకటేశ్, అప్పారావు, సాలేలతో కలిసి ఆడారు. ఈ అయిదుగురినీ అక్కడి జనం పంచపాండవులని పిలిచారు. అహ్మద్ ఖాన్‌కు అలా ఒక బిరుదైనా దక్కింది. రామన్‌కు అదీ లేదు.

శ్రోతలారా, ఈ కథ మీకే ఎందుకు చెబుతున్నానంటే, కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లు నడిచిన గనులవి. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసిన ఆ కార్మికవాడల నుంచి ఎన్నో కుటుంబాలు బతుకు తెరువు కోసం చెదిరిపోయాయి. షిఫ్టు ముగించుకుని వచ్చి సాయంత్రం బంతి తన్నిన వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. దేశానికి తొలి గోలు కొట్టిన వాడినే మనం మరిచిపోతే, వీళ్ల మాట చెప్పేదేముంది?

అందుకని ఒక చిన్న పని చేయండి. మీ తాతయ్య దగ్గరో, పక్కింటి పెద్దాయన దగ్గరో కూర్చుని, వారి కాలంలో ఎవరు బాగా ఆడేవారో అడగండి. ఏ మైదానం, ఏ ఏడు, ఎవరి మీద ఆట అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. పాత ఫోటో ఉంటే వెనక పేర్లు రాయండి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.

ఇక రామన్ పేరు. ఈ రాత్రి పిల్లలకు ఒక్కసారి చెప్పండి. రేపు ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే, మన కోలారు జిల్లా పిల్లలు ఆగకుండా జవాబు చెప్పాలి.